‘సొంత పనులు’ అని రాసి వెళ్ళిపోయినవాళ్ళు: ఒక వైర్ హార్నెస్ ప్లాంట్ అనుభవం

కనుమ మర్నాడు పొద్దున ఆరింటికి షాప్‌ఫ్లోర్ మీదికి వెళ్తే, మూడో లైన్‌లో వైర్లు కట్టే 34 బోర్డుల దగ్గర 21 మందే నిలబడి ఉన్నారు. మిగతా 13 బోర్డుల మీద వైర్లు పండగ ముందు రోజు ఎలా వేలాడుతున్నాయో అలాగే ఉన్నాయి. లైన్ లీడర్ కుర్రాడు ఫోన్ చెవిన పెట్టుకుని ఒక్కొక్కరికీ కాల్ చేస్తున్నాడు. "ఏమ్మా, బస్సెక్కావా లేదా?" అదే మాట, పదమూడు సార్లు. చివరికి ఫోన్ జేబులో పెట్టి, "సార్, వీళ్ళలో ఆరుగురు ఇంక రారు" అన్నాడు. నీకెలా తెలుసని అడిగాను. "పండగకి పోయేటప్పుడే లాకర్ తాళం పీక్కుని పోయారు సార్. తిరిగొచ్చేవాళ్ళు తాళం వదిలేసి పోతారు."

నా దగ్గర అట్రిషన్ మీద, అంటే పని మానేసి పోయేవాళ్ళ మీద, మూడు రంగుల ఎక్సెల్ షీట్ ఉంది. తాళం సంగతి అందులో లేదు.

నేను హెచ్‌ఆర్‌లో చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఎక్కువగా ఆటో విడిభాగాల ఫ్యాక్టరీల్లోనే. ఇక్కడ రాసేది వాటిలో ఒక ప్లాంట్ సంగతి. పేరు చెప్పను. నాయుడుపేట దాటాక చెన్నై హైవే పక్కన ఉండే ఫ్యాక్టరీల్లో ఒకటి అనుకోండి. అంకెలు కూడా గుండ్రం చేశాను. సుమారు 600 మంది, అందులో నూటికి ఎనభై మంది ఆడపిల్లలు. ఇంటర్ పాసైనవాళ్ళు, ఫెయిలైనవాళ్ళు, డిగ్రీ మధ్యలో ఆపేసినవాళ్ళు. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. పొద్దున 6 నుంచి 2 దాకా ఏ షిఫ్ట్, 2 నుంచి రాత్రి 10 దాకా బీ షిఫ్ట్. మూడొంతుల్లో ఒక వంతు కంపెనీ రోల్స్ మీద (నేరుగా కంపెనీ ఉద్యోగులు), మిగతా అంతా కాంట్రాక్టర్ కింద.

పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే మనుషులు వెళ్ళిపోతే మాకెందుకు అంత టెన్షనో అర్థం కాదు. కారులో లైటు వెలగాలన్నా, అద్దం దిగాలన్నా వెనక వైర్ల కట్ట ఒకటి ఉంటుంది. అదే హార్నెస్. వైరు కొయ్యడానికీ, కొసన టెర్మినల్ నొక్కడానికీ మిషన్లున్నాయి. కట్ట కట్టడం మాత్రం ఇప్పటికీ చాలావరకు చేతి పనే. వైరు కొసన ఉన్న చిన్న రాగి టెర్మినల్‌ని ప్లాస్టిక్ కనెక్టర్ రంధ్రంలోకి ‘టిక్’ అనేదాకా నెట్టాలి. వెంటనే మెల్లగా వెనక్కి లాగి చూడాలి. రాకపోతే కూర్చున్నట్టు. సగమే దూరిన టెర్మినల్‌తో చిక్కేమిటంటే, అది చివర్లో కరెంటు పెట్టి చేసే టెస్ట్‌లో ఒక్కోసారి పాసైపోతుంది. తర్వాత ఎప్పుడో గతుకుల రోడ్డు మీద ఊడుతుంది. ఫ్యాన్ల హోరులో, పక్కమ్మాయి మాటల మధ్యలో ఆ ‘టిక్’ పట్టుకోవడానికి చెవికి మూడు వారాలు పడుతుంది. చూపుడు వేలి కొస కాయగాయడానికి ఇంకో వారం. సరిగ్గా ఆ నాలుగో వారంలోనే మావాళ్ళు మానేసేవాళ్ళు.

నెలకు 50 మంది దాకా పోతున్నారు. ఏడాదికి లెక్క కడితే ప్లాంట్ మొత్తం ఒకసారి ఖాళీ అయి నిండినట్టు. మీటింగుల్లో ఈ అంకే చెప్పేవాళ్ళం, అందరూ "అమ్మో" అనేవాళ్ళు. కానీ అది మోసం చేసే అంకె. పాతవాళ్ళు ఓ 300 మంది కదలనే కదలరు. తతిమ్మా 300 చోట్లలోనే జనం వస్తూ పోతూ ఉంటారు. వెళ్ళినవాళ్ళలో సగానికి పైగా 45 రోజులు కూడా నిండనివాళ్ళు. ఈ రెండు గుంపులకీ కలిపి ఒకే సగటు తీసి, ఒకే మందు వేయబోయాం.

ఆ మందుల సంగతి త్వరగా చెప్పేస్తాను, గొప్పగా చెప్పుకునేవి కావు. బర్త్‌డే కేకులు, ముగ్గుల పోటీలు, క్యాంటీన్ గోడ మీద ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న పెద్ద ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ కింద రోల్స్‌వాళ్ళకి స్టీలు ప్లేట్లు, కాంట్రాక్ట్‌వాళ్ళకి మెలమైన్ ప్లేట్లు. అప్పుడు నాకది కనిపించలేదు.

అటెండెన్స్ బోనస్ మాత్రం బాగా నేర్పింది. నెలలో ఒక్క నాగా కూడా లేకపోతే 1,500 రూపాయలు. మొదటి నెల బాగుంది. రెండో నెల నుంచి నాగాలు పెరిగాయి. ఎందుకంటే 4వ తేదీన జ్వరమొచ్చి ఒకరోజు రాని పిల్లకి ఆ నెల 1,500 ఎలాగూ పోయింది, ఇంక మిగతా నెలంతా రావాలన్న పట్టు ఏముంటుంది? పెళ్ళికొకటి, పేరంటానికొకటి, అన్నీ ఆ నెలలోనే పెట్టుకుంది. తెలివైన పని. మేమే నేర్పించాం.

"ఎందుకు మానేశావు" అని అడగడం మానేశాక

ఎగ్జిట్ ఫారంలో కారణం అనే గడి ఉంటుంది. దాంట్లో నూటికి తొంభై మంది ‘సొంత పనులు’ అని రాస్తారు. మిగతావాళ్ళు పెళ్ళి అనో, ఆరోగ్యం అనో రాస్తారు. అసలు ఫారం దాకా వచ్చేవాళ్ళే తక్కువ, చాలామంది ఒకరోజు బస్సెక్కరు, అంతే. మేము వాళ్ళని ‘అబ్‌స్కాండింగ్’ అని రాసుకుంటాం. పారిపోయిన దొంగకి వాడే మాట.

ఆ సంక్రాంతి తర్వాత నేనూ, వెల్ఫేర్ చూసే మేడమూ కూర్చుని, మూడు నెలల్లో వెళ్ళినవాళ్ళకి ఫోన్లు మొదలుపెట్టాం. ఎందుకు మానేశావమ్మా అంటే, "ఏం లేదు సార్, ఇంట్లో పని." ఇరవై కాల్స్‌లో ఇరవై సార్లు అదే జవాబు. మేడమే ఉపాయం కనిపెట్టింది. ఎందుకు అన్న మాటే ఎత్తకుండా, "ఆఖరి రోజు ఏం జరిగింది, పొద్దున బస్సెక్కిన దగ్గర్నుంచి చెప్పు" అని అడగసాగింది. అప్పుడు నోళ్ళు విప్పారు.

ఒకమ్మాయి బీ షిఫ్ట్ బస్సు దిగేది హైవే మీద, రాత్రి 11 దాటాక. ఊళ్ళోకి కిలోమీటరున్నర. అన్న బండి మీద వచ్చి తీసుకెళ్ళేవాడు. అన్నకి చెన్నైలో పని దొరికింది, చెల్లెలి పని పోయింది. ఇంకో అమ్మాయి తాత పోయాడు. సెలవడిగితే, "చావుకా, దినానికా? రెండిట్లో ఒకటే ఇస్తా" అన్నారట. చావుకీ వెళ్ళింది, దినానికీ వెళ్ళింది, ఇంక రాలేదు. మరొకమ్మాయిని రెండు నెలలు ఒకే బోర్డు మీద నిలబెట్టి, సరిగ్గా చెయ్యి తిరిగాక ఎవరో రాలేదని ఇంకో లైన్‌కి పంపారు. అక్కడ స్లో అని నలుగురిలో కేకలేశారు. ఇవేవీ లేబర్ ఆఫీసుకెక్కే కేసులు కావు. జీతం టైముకే పడుతోంది, ఓటీకి (షిఫ్ట్ దాటి చేసిన గంటలకి) చట్టం ప్రకారం డబుల్ ఇస్తున్నాం. ఆడిట్‌లో మాకు మంచి మార్కులే వచ్చేవి.

ఒక ఇంటికి వెళ్ళాం కూడా. వాళ్ళమ్మ నులకమంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది. అమ్మాయి లోపలి నుంచి రాలేదు. తల్లే మాట్లాడింది. "పని కష్టమని మాన్లేదు సార్. ఇంటికాడ ఇంతకన్నా కష్టం చేస్తాది. మీ వాడు దాన్ని ‘ఏయ్ పదిహేడూ’ అని పిలుస్తాడంట. నేను దానికి మా అత్త పేరు పెట్టుకున్నా."

పదిహేడు అంటే బోర్డు నంబరు.

తిరిగొచ్చే దారంతా నాకు ఆ లైన్ లీడర్ మీద మహా కోపంగా ఉంది. మర్నాడు పిలిపించి గట్టిగానే అడిగాను. వాడు ఎదురు చెప్పలేదు. కాసేపు నేల చూసి, "సార్, పేరు నేర్చుకునేలోపే పోతున్నారు. పోయిన నెల పదిహేడులో ముగ్గురు మారారు. నంబరైతే మారదు" అన్నాడు.

ఈ సమస్యంతా ఆ ఒక్క ముక్కలో ఉందని నాకు ఆ రోజు పూర్తిగా తట్టలేదు. తర్వాత వాడి వెనకే వారం రోజులు తిరిగాను. వయసు 26. డిప్లొమా. చేతి పనిలో లైన్‌లో అందరికన్నా స్పీడు, అందుకే లీడర్ని చేశాం. 34 మందికి ఒక్కడు. పొద్దున అయిదుగురు రాకపోతే వాడు ముందుగా చేసే పని, వచ్చినవాళ్ళని బతిమాలో బెదిరించో ఓటీకి నిలబెట్టడం. తర్వాత బాత్రూంకి వెళ్ళేవాళ్ళని లెక్కపెట్టడం, ఎందుకంటే ఒకరు కదిలితే ఆ బోర్డు ఆగుతుంది. సెలవడిగినవాళ్ళకి తలెత్తకుండా ‘కుదరదు’ అనడం. కొత్తగా వచ్చిన పిల్లకి ‘టిక్’ ఎలా వినాలో చూపించడానికి వాడి దగ్గర నాలుగు నిమిషాలు కూడా లేవు. దాంతో ఆ పిల్ల తప్పులు చేస్తుంది, తిట్లు తింటుంది, నాలుగో వారంలో పోతుంది. రేపు పొద్దున అయిదుగురు కాదు, ఆరుగురు తక్కువ. మనుషులు పోతున్నందుకు వాడు అలా తయారయ్యాడు, వాడు అలా ఉన్నందుకు మనుషులు పోతున్నారు.

అప్పటిదాకా మా ఆలోచనంతా వీడికి ఒక ‘సాఫ్ట్ స్కిల్స్’ ట్రైనింగ్ ఇప్పిద్దామనే. రోజూ అయిదుగురు తక్కువగా లైన్ నడిపేవాడికి చిరునవ్వుతో మాట్లాడడం నేర్పితే ఏమవుతుంది? చిరునవ్వుతో ‘కుదరదు’ అంటాడు.

పాత కథలు రెండు

ఇలాంటి చర్చ ఎక్కడ మొదలైనా ఫోర్డ్ పేరు వస్తుంది. మా ప్లాంట్ హెడ్ కూడా అదే ఎత్తాడు: "జీతం పెంచితే సరి, ఫోర్డ్ చేసిందదే కదా." కథ నిజమే. 1913లో డెట్రాయిట్ దగ్గర హైలాండ్ పార్క్ ప్లాంట్‌లో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక జనం నిలబడలేకపోయారు. ఆ ఏడు టర్నోవర్, అంటే మనుషులు మారిన లెక్క, 370 శాతం. సుమారు 14,000 మంది పనిలో ఉండాలంటే ఏడాదిలో 52,000 మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజు కూలి ఉన్నదానికి రెట్టింపు చేసి 5 డాలర్లన్నారు, పని 9 గంటల నుంచి 8కి తగ్గించారు. జనం గేటు ముందు బారులు తీరారు, మానేసేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారు. అయితే ఆ 5 డాలర్లు చేరిన రోజు నుంచే అందరికీ రాలేదు, ఆరు నెలలు నిలబడాలి. పైగా కంపెనీ మనుషులు ఇంటికొచ్చి తాగుతున్నావా, పొదుపు చేస్తున్నావా అని చూసి వెళ్ళేవాళ్ళు. మేము రెట్టింపు ఇవ్వగలిగితే ఈ అనుభవం రాయాల్సిన పనే లేదు. ఇవ్వలేం. ఇచ్చేది అయిదొందలు. పక్క ప్లాంట్‌వాడు మర్నాడే ఆరొందలంటాడు.

నాకు పనికొచ్చింది రెండో కథ. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ (జీఎం) ప్లాంట్ ఒకటి ఉండేది. అయిదోవంతు మంది పనికి రాని రోజులు అక్కడ మామూలు. గొడవలు, సమ్మెలు. 1982లో మూసేశారు. టయోటా, జీఎం కలిసి 1984లో అదే షెడ్‌లో నమ్మీ అనే కంపెనీ పెట్టాయి. పాత కార్మికుల్నే ఎక్కువ మందిని తీసుకున్నారు, యూనియన్ కూడా అదే. గైర్హాజరు కొద్ది శాతానికి దిగింది. అందరూ దీన్ని చెప్పేటప్పుడు, తప్పు కనిపిస్తే ఎవరైనా తాడు లాగి లైన్ ఆపొచ్చన్న ముచ్చటే చెప్తారు. నేను పట్టుకున్నది అంత ముచ్చటైనది కాదు. అక్కడ అయిదారుగురికి ఒక టీమ్ లీడర్ ఉండేవాడు. ఎవరైనా రాకపోతే, బయటికెళ్తే వాళ్ళ చోట తనే నిలబడేవాడు. మాకు 34 మందికి ఒక్కడు, వాడి చేతిలో తాడు బదులు ఫోన్.

మూడో లైన్‌లో ఏం చేశాం

మొదట అడిగింది మనుషుల్ని. మూడో లైన్‌కి షిఫ్ట్‌కి ముగ్గురు రిలీవర్లు, అంటే రానివాళ్ళ చోట నిలబడేవాళ్ళు, కావాలన్నాను. అన్ని బోర్డుల పనీ వచ్చినవాళ్ళు, ప్లాన్‌లో లెక్కకి రానివాళ్ళు. ఫైనాన్స్ ఆయన కళ్ళజోడు తీసి పెట్టి, "అంటే ఊరికే కూర్చోడానికి జీతమా?" అన్నాడు. నేను మనుషుల మానాభిమానాల గురించి మాట్లాడి ఉంటే మీటింగ్ అక్కడితో అయిపోయేది. మూడు నెలల ఓటీ బిల్లు, రీవర్క్ (తప్పులు సరిచేసే పని) బిల్లు, లేటయిన హార్నెస్‌లని విమానంలో పంపిన బిల్లు పక్కపక్కన పెట్టాను. ఒక్క విమానం బిల్లే ఆ ఆరుగురి మూడు నెలల జీతానికి దగ్గరగా వచ్చింది. మూడు నెలలు చూద్దాం అన్నారు.

తర్వాత లైన్‌ని నాలుగు టీములు చేశాం, ఎనిమిది తొమ్మిది మందికి ఒక టీమ్ లీడర్. ఈసారి స్పీడు చూడలేదు. ఒక వారం ఊరికే నిలబడి, చిక్కొస్తే పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్తున్నారో చూశాం. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్ళే తేలారు. అందులో ఒకావిడ చేయనంది. బతిమాలినా కారణం చెప్పలేదు. చివరికి మేడమ్‌తో అంది: "సాయంత్రం రిపోర్టు ఇంగ్లీషులో రాయాల కదా మేడమ్." ఎనిమిదేళ్ళ అనుభవం ఆ ఒక్క కాగితం దగ్గర ఆగిపోయింది. రిపోర్టుని తెలుగులోకి మార్చాం, తప్పుల పేర్ల బదులు బొమ్మలు పెట్టాం. తీరా చూస్తే ఇంగ్లీషు రిపోర్టు ఎవరూ చదవట్లేదు, ఆవిడ తెలుగు రిపోర్టు క్వాలిటీవాళ్ళు వచ్చి అడిగి తీసుకెళ్ళారు.

పాత లైన్ లీడర్ని తీసెయ్యమని చాలామంది అన్నారు. తియ్యలేదు. రిలీవర్లు వచ్చిన రెండో వారంలో వాడు ఒక కొత్త పిల్ల పక్కన నిలబడి, కనెక్టర్ ఆమె చెవి దగ్గర పెట్టి ‘టిక్’ అనిపిస్తున్నాడు. అందరు లీడర్లూ ఇలా మారారని చెప్పను. అయిదో లైన్‌లో ఒకతను ఎన్ని రిలీవర్లిచ్చినా తిట్లు మానలేదు. అతని ప్రొడక్షన్ బాగుందని మేము ఏడు నెలలు ఊరుకున్నాం. ఆ ఏడు నెలలు నా తప్పే.

సెలవుల సంగతి ఇంకా మొండిది. సంక్రాంతికి అందరూ వెళ్ళాలంటారు, కస్టమర్ ఫ్యాక్టరీ మాత్రం ఆగదు. అంతకు ముందు పద్ధతి ఏమిటంటే అందరికీ ‘కుదరదు’ అనడం, అందరూ చెప్పకుండా వెళ్ళిపోవడం. ఇప్పుడు డిసెంబర్ మొదట్లోనే టీముల వారీగా చార్ట్ వేసి గోడకి అంటిస్తున్నాం. భోగి నుంచి ముక్కనుమ దాకా టీముకి రోజుకి ముగ్గురికి సెలవు. ఎవరెవరో టీమే తేల్చుకోవాలి. ఊరి జాతరలు కూడా అందులో రాస్తారు, ఎందుకంటే అవి మా హాలిడే లిస్టులో ఎప్పుడూ ఉండవు. ఎవరికైనా సెలవు కాదంటే సూపర్‌వైజర్ కారణం రాసి సంతకం పెట్టాలి. ఈ సంతకం రూల్ వచ్చాక ‘కుదరదు’లు సగానికి సగం తగ్గాయి. అటెండెన్స్ బోనస్‌ని వారాలకి విడగొట్టాం. ఒక వారం పోతే ఆ వారందే పోతుంది.

కొత్తవాళ్ళకి మొదటి రోజే జీతం చీటీ చదవడం నేర్పడం మేడమ్ ఆలోచన. ‘కటింగ్’ అంటే కాంట్రాక్టర్ తినేసేదని ఊళ్ళో నమ్మకం. పీఎఫ్ లెక్కకొచ్చే జీతం 14,000 అయితే 12 శాతం, అంటే 1,680 పీఎఫ్‌కి పోతుంది, కంపెనీ కూడా తన వంతు అంతే కడుతుంది. ఈఎస్ఐకి 0.75 శాతం, 105 రూపాయలు. కంపెనీ 455 కడుతుంది. "ఈ 105తో నీ మీద ఆధారపడ్డ మీ అమ్మానాన్నలకి కూడా ఈఎస్ఐలో వైద్యం" అని చెప్పినప్పుడు ఒకమ్మాయి వెంటనే ఫోన్ తీసి వాళ్ళ నాన్నకి చేసింది. ఆయనకి మోకాళ్ళ నొప్పులట.

బస్సు సంగతి సగమే అయింది. హైవే మీద దింపకుండా ఊళ్ళలోకి పంపితే చివరివాళ్ళు ఇల్లు చేరేసరికి పన్నెండవుతోంది. వాళ్ళు గొడవ చేశారు, న్యాయంగానే. ఇప్పుడు రెండు ఊళ్ళలోకి వెళ్తోంది, మూడో ఊరికి వెళ్ళట్లేదు.

లడ్డూల డబ్బా

మొదటి మూడు నెలల్లో మూడో లైన్‌లో మానేసినవాళ్ళు ఇద్దరే. దాంతో మిగతా లైన్లకి కూడా రిలీవర్లు వచ్చారు. సంతోషంగా ఉన్నాం. పండగొకటి వచ్చింది. కంపెనీ స్వీట్లు పంచింది, రోల్స్‌వాళ్ళకి కిలో డబ్బా, కాంట్రాక్ట్‌వాళ్ళకి అరకిలో డబ్బా. పర్చేజ్‌లో ఎవరో పాత ఆర్డరే మళ్ళీ పెట్టారు. షిఫ్ట్ అయ్యాక చూస్తే లాకర్ల గదిలో అరకిలో డబ్బాలు, విప్పనివి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఎవరూ అరవలేదు, కంప్లైంట్ చేయలేదు. ఆ నెల 31 మంది మానేశారు.

ఒకే బోర్డు ముందు, ఒకే ‘టిక్’ వింటూ పక్కపక్కన నిలబడ్డ ఇద్దరిని వేరువేరుగా చూడడం మా ఖర్చుల షీట్‌కి సబబే. లడ్డూలు తూచినప్పుడు మాత్రం అందరికీ కనిపించింది. ప్లేట్లు అప్పుడే మార్చాం. యూనిఫాం కూడా ఒకటే రంగు చేశాం. కాంట్రాక్ట్‌లో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళని రోల్స్ మీదికి తేవాలన్న నా ప్రతిపాదన మాత్రం రెండేళ్ళుగా హెడ్డాఫీసులో ఉంది. ఏడాదికి ఓ పది మందిని తీసుకుంటున్నారు. ఇది తేలకుండా మిగతావన్నీ ఎంతకాలం పనిచేస్తాయో నాకు నమ్మకంగా తెలియదు.

ఏడాది తిరిగేసరికి నెలకి 50 అన్నది 20 దగ్గర ఆగింది. దీన్ని గొప్ప విజయమని ఎవరైనా పీపీటీలో పెడితే నేను ఒప్పుకోను. మధ్యలో ఆరు కిలోమీటర్ల దూరంలో కొత్త ఫ్యాక్టరీ ఒకటి తెరిచి రెండు వేలు ఎక్కువిస్తామంటే, ఒక్క నెలలో 18 మంది వెళ్ళారు. అందులో ఇద్దరు మా టీమ్ లీడర్లు. వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళారు. ఫారంలో కారణం గడిలో ‘జీతం’ అని రాశారు. ఆ గడిలో అబద్ధం కాని మాట చూసి నాకు సంతోషమేసిందంటే మా మేడమ్ నవ్వింది. అబ్‌స్కాండింగ్‌వాళ్ళని మళ్ళీ తీసుకోకూడదన్న రూల్ కూడా తీసేశాం. అయిదుగురు తిరిగొచ్చారు. ‘పదిహేడు’ రాలేదు. పెళ్ళయి గూడూరు వెళ్ళిందని వాళ్ళమ్మ చెప్పింది.

మొన్న భోగికి ముందు రోజు, ఏ షిఫ్ట్ వదిలాక, లాకర్ల గదిలోకి వెళ్ళాను. మూడో లైన్ వరస మొదట్నుంచి చివరిదాకా నడిచాను. రెండు లాకర్లకి తాళాల్లేవు. లైన్ లీడర్ని పిలిచి చూపించాను. వాడు దగ్గరికెళ్ళి నంబర్లు చూసి, ఇద్దరినీ పేర్లతో చెప్పాడు. ఒకమ్మాయి తాళం పాడైతే స్టోర్‌లో కొత్తది అడిగిందట. రెండో అమ్మాయికి ఫోన్ చేస్తానని బయటికి వెళ్ళాడు.